పూల మీద కళ్ళాపి

ఆ ఆదివారం తెల్లవారేసరికి పడమటి దిక్కున చంద్రుడు ఇంకా దిగలేదు. తూర్పున, రైలు స్టేషను వైపు, ఆకాశం పలచగా ఎర్రబడుతోంది. మబ్బు తునక లేదు. నేను రెండో బర్రెను పితికి లేచేసరికి నా భార్య దేవమ్మ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుతోంది. పేడ కలిపిన నీళ్ళు చేత్తో తీసుకుని, మణికట్టు తిప్పి, వెడల్పుగా కొడుతుంది. ఇరవై రెండేళ్ళుగా నాకు ఆ చప్పుడుతోనే తెల్లవారేది.

రాష్ట్రం రెండుగా విడిపోవడానికి ముందటి ఏడాది అది. ఫిబ్రవరి ఆఖరు. బొల్లారంలో మా గల్లీని గుర్రాల లైను అంటారు. ఎప్పుడో పటాలం గుర్రాలను కట్టిన కొట్టాలు ఇప్పుడు పదకొండు ఇళ్ళయ్యాయి. చివరిది మాది. సగంలో మేము, సగంలో మూడు బర్రెలు. గల్లీకి రెండు పక్కలా చెట్లు. వాటి అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. పూలు బాకాల్లా ఉంటాయి కాబట్టి బాకా చెట్లంటాం. ఏటా ఆ రోజుల్లో ఆకులన్నీ రాల్చేసి, లేత గులాబీ రంగులో విరగబూస్తాయి. పొద్దుటికి నేల కనిపించదు. ఊడ్చినచోటే మళ్ళీ రాలతాయి.

చర్చికి వెళ్ళబోతూ దేవసహాయం మాస్టారు పాలకోసం వచ్చారు. మా పక్కిల్లే. ముప్పై ఏళ్ళ కిందట గుంటూరు జిల్లానుంచి వచ్చి, ఇక్కడ మిషన్ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో పేపరు ఉంది.

"సదాశివా, మన వీధి పేపర్లో పడిందయ్యా."

ఆదివారం పుస్తకంలో నడిమి పేజీ నిండా మా గల్లీ. పైన 'నేలకు దిగిన గులాబీ మబ్బు' అని పెద్ద అక్షరాలు. చెట్లు, రాలిన పూలు, మా గడప.

దేవమ్మ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని వంగి చూసింది. "మన బర్లేవి సారూ?"

"పేజీలో పట్టలేదేమోనమ్మా."

"చెట్టు పట్టింది, కరెంటు స్తంభం పట్టింది, మూడు బర్లు పట్టలేదా?"

ముగ్గురం నవ్వాం. నిజమే, బొమ్మకు ఎడమవైపు మా కొట్టం మొదలయ్యే చోటే సరిగ్గా అంచు కోశారు. అడుగున చిన్న డబ్బాలో దారి రాశారు. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి. ఆఖరి వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'ఉదయం ఆరున్నరకు వెలుతురు బాగుంటుంది, స్థానికులు పూలు ఊడ్చేయకముందే వెళ్ళండి.'

ఆ పేపరును చూసి మేం నవ్వింది ఆ ఒక్కరోజే.

మర్నాడు పదిమంది వచ్చారు. వారం తిరిగేసరికి వందలు. కెమెరాలవాళ్ళు, పెళ్ళి కాబోయే జంటలు, కాలేజీ పిల్లలు. ఒకడు కొమ్మ పట్టుకుని ఊపేవాడు, ఇంకొకడు రాలే పూల కింద చేతులు చాచి నిలబడేవాడు. బాత్రూం ఎక్కడని మా ఇంట్లోకి నేరుగా వచ్చేసేవాళ్ళు. ఎక్కడా లేదంటే కొట్టం వెనక్కు పోయేవాళ్ళు. నాకు ఏడున్నరలోగా కార్ఖానా పేటలో ఇళ్ళకు పాలు పోయాలి. సైకిలు గల్లీ దాటడానికే అరగంట పట్టేది.

ఒక అమ్మాయి దేవమ్మ చేతిలో చీపురు పట్టుకుని ఆపింది. "ఆంటీ, ప్లీజ్, పది నిమిషాలు ఊడవకండి. పూల కార్పెట్ పాడైపోతుంది."

"ఊడ్వకుంటెట్లమ్మా? సాన్పు చల్లాలె, పొయ్యి ముట్టియ్యాలె."

"పది నిమిషాలే ఆంటీ."

మొదటిరోజు దేవమ్మ ఆగింది. పది నిమిషాలు ముప్పావుగంట అయ్యాయి. రెండోరోజు వేరేవాళ్ళు అడిగారు, ఆగింది. మూడోరోజు ఆగలేదు. కళ్ళాపి పడని వాకిలి దాటి పొయ్యి దగ్గరికి పోవడం ఆమెకు చేతకాదు. అది ఆమె పద్ధతి. మా అమ్మ పద్ధతీ అదే.

ఆ తర్వాత టూరిస్టు బస్సులు మొదలయ్యాయి. ఊరు చూపించే ఒక కంపెనీవాడు మా గల్లీని కూడా తన పట్టీలో కలుపుకున్నాడు. బస్సు మెయిన్ రోడ్డు మీద ఆపితే యాభై అడుగులు నడవాలి. అది ఇష్టంలేక లోపలికి తెచ్చేవాడు. బస్సు లోపలికి వచ్చిందంటే దాని పక్కనుంచి మనిషి వెళ్ళాలంటే గోడకు వీపు ఆనించి జరగాలి.

రెండో శనివారం మాస్టారి భార్య కాంతమణి గారు బాత్రూంలో జారి పడ్డారు. కాలు కింద పెట్టలేకపోయారు. ఆటో పిలిస్తే గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ఒకదాని వెనక ఒకటి రెండు బస్సులున్నాయి. డ్రైవర్లు ఛాయ్‌కి పోయారు. ఎదురింటి వడ్రంగి బ్రహ్మచారిని కేకేశాను. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేను ముందు, అతను వెనక, ఎత్తుకుని నడిచాం. మాస్టారు పక్కనే, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని వస్తున్నారు.

జనం పక్కకు జరిగారు. కొందరు ఫోనులు ఎత్తి మమ్మల్ని కూడా తీసుకున్నారు. సగం దారిలో మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒకాయన, చాలా మర్యాదగానే, "కొంచెం తొందరగా పక్కకు వెళ్తారా, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు.

నేను కుర్చీ పట్టు సరిచేసుకున్నాను. కుర్చీలోంచి కాంతమణి గారే అన్నారు, నొప్పికి పళ్ళు బిగించుకుని. "పదండి సదాశివా, పాపం ఆయన ఫొటో చెడిపోతుంది."

చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరువారాలు పిండికట్టు.

ఆ సాయంత్రం మాస్టారి వరండాలో గల్లీ మొత్తం కూర్చుంది. మాస్టారు కాగితాలు ముందు పెట్టుకున్నారు. బ్రహ్మచారి చెట్టు కింద కూల్‌డ్రింకుల డబ్బా పెట్టి వారమే అయింది. అతనే ముందు మాట్లాడాడు.

"నేను సంతకం పెడ్త సారూ. కని రావద్దని మాత్రం రాయకున్రి. ఇప్పుడిప్పుడే కొట్టు షురూ అయింది."

"రావద్దని ఎవరన్నారయ్యా? బస్సు మెయిన్ రోడ్డు మీద ఆపమందాం. నడిచి రమ్మందాం. పొద్దున్న ఏడింటిదాకా మన వాకిళ్ళు మనకు వదలమందాం. అంతేగా?"

"గంతే అయితే రెండు సంతకాలు పెడ్త."

ఒకటిన్నర పేజీ రాశారు మాస్టారు. మొదటి వాక్యమే, 'మా వీధి పూలను చూడవచ్చే అందరికీ స్వాగతం' అని. ఒక ప్రతి కంటోన్మెంటు ఆఫీసుకు, ఒక ప్రతి మా బొమ్మ వేసిన పేపరుకు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

గురువారం పేపర్లో వచ్చింది. ఏడు లైన్లు. పైన, 'మా వీధికి ఎవరూ రావద్దు: బొల్లారం వాసుల హుకుం'. మాస్టారు నిలబడే చదివారు. తర్వాత లోపలికి వెళ్ళి తన దగ్గరున్న నకలు తెచ్చుకుని, పక్కపక్కన పెట్టి, వేలితో లైను లైను పోల్చుకున్నారు. పిల్లల పేపర్లు దిద్దినట్టే.

"పైన తలకట్టు తప్ప వేసినవన్నీ నేను రాసిన మాటలే సదాశివా. ఒక్క అక్షరం మార్చలేదు. మొదటి వాక్యం తీసేశారు. బస్సు మాట తీసేశారు. కాంతమణి పడిన సంగతి తీసేశారు. మిగిలింది చదివితే, నాకే నామీద కోపం వస్తోంది."

"మళ్ళ రాద్దాం సారూ."

"రాశాను. పొద్దున్నే పోస్టులో వేశాను. వెయ్యరు."

వెయ్యలేదు.

కానీ ఆ ఏడు లైన్లు చదివి టీవీవాళ్ళు వచ్చారు. మైకు పట్టుకున్న అమ్మాయి పేరు లీలాకుమారి. చిన్నపిల్ల, చెమటలు కారుతున్నా గల్లీ చివరిదాకా నడిచింది. నేను కుడితి కలుపుతున్నాను.

"అన్నా, ఇంతమంది వస్తుంటే మీకు కోపం రావట్లేదా?"

నేను మాట్లాడే మనిషిని కాను. మా ఊరి బడిలో ఏడో క్లాసుదాకా చదివాను, అక్కడా నోరు తెరిచింది తక్కువ. కానీ ఆ రోజు కాంతమణి గారి కుర్చీ కళ్ళ ముందే ఉంది. మాట్లాడాను. "కోపమెందుకు రాదమ్మా? వస్తది. కని ఎవరి మీద అని సుత అడుగు. చూడొచ్చెటోళ్ళ మీద కాదు, పూలు అందరియి. గింత గల్లీలకు బస్సు తోలెటోని మీద. తోలనిచ్చెటోళ్ళ మీద. బొమ్మ ఏసి, గల్లీ ఎడల్పెంతో రాయనోళ్ళ మీద. నడిచి రమ్మను, మంచినీళ్ళు మేమే ఇస్తం." ఇంకా చెప్పాను. బర్రెలు కూడా తలలెత్తి చూశాయి.

ఆ పిల్ల మైకు దించి, "చాలా బాగా చెప్పారన్నా" అంది. నమ్మాను.

మర్నాడు తెల్లవారుజామున వాళ్ళ కెమెరా అతను వచ్చి, మా గడప ముందు నేలకు ఆనించి కెమెరా పెట్టుకున్నాడు. అతని వెనక కాలేజీ పిల్లలు ఐదారుగురు. దేవమ్మ బకెట్టు తెచ్చింది. "జరుగున్రి బిడ్డా" అంది. ఇంకోసారి కూడా అంది. ఎవరూ జరగలేదు. ఆమె తన వాకిలి మేరకే చల్లింది. రెండు చుక్కలు ఒక పిల్లవాడి చెప్పు మీద పడ్డాయి. వాడు నవ్వాడు కూడా. పూల మీద పేడనీళ్ళు పడ్డాయి. ఏ రోజు పడలేదు గనక?

సాయంత్రం ఏడింటికి మాస్టారింట్లో టీవీ ముందు కూర్చున్నాం. 'పర్యాటకులపై పేడనీళ్ళతో దాడి' అని ఎర్ర అక్షరాలు. దేవమ్మ చెయ్యి లేచింది, మెల్లగా, ఎంతో మెల్లగా. నీళ్ళు కెమెరా మీదికి వచ్చాయి. మళ్ళీ లేచింది. వెనక డప్పుల్లాంటి సంగీతం. పిల్లవాడి చెప్పు చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. "జరుగున్రి బిడ్డా" అన్న మాట లేదు. వాడి నవ్వూ లేదు. ఆ వెంటనే నా మొహం. "కోపమెందుకు రాదమ్మా? వస్తది." అంతే. మళ్ళీ దేవమ్మ చెయ్యి.

"నా చెయ్యేనా అది?" అంది దేవమ్మ. "కొట్టినట్టే ఉంది."

ఆమె నావైపు తిరిగింది. "నువ్వేమో ఏండ్లకేండ్లు నోరిప్పవు. ఇప్పినవంటే టీవీల ఇప్పినవు."

అది వేళాకోళంగానే అంది. నాకు మాత్రం దిగబడింది. నేను చెప్పినదాంట్లో మొదటి రెండు ముక్కలే వాళ్ళకు కావలసినవి. వాటిని నేనే, అడగగానే, చేతిలో పెట్టాను.

రెండురోజుల తర్వాత చర్చకు రమ్మని మాస్టారికి ఫోను వచ్చింది. కాంతమణి గారు వద్దన్నారు. "వెళ్ళి మాత్రం ఏం చేస్తారండీ? మీరు వాక్యం పూర్తి చేసేలోగా వాళ్ళకు ప్రకటనలొస్తాయి."

"సగం చెప్పినా చెప్పినట్టేగా" అని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒకటిన్నర పేజీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు.

టీవీలో నాలుగు గళ్ళు. ఒక గడిలో మాస్టారు. మిగతా మూడింట్లో టూరిస్టు వ్యాపారం చేసే ఆయన, ఎవరో నాయకుడు, సంఘసేవకురాలట ఒకావిడ. మాస్టారు జేబులోంచి కాగితం తీసి, "మేం అడిగింది బస్సుల గురించి" అన్నారో లేదో, మధ్యలో కూర్చుని చర్చ నడిపిస్తున్న కోటు ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఒక్క ప్రశ్న మాస్టారూ. మీరూ ఒకప్పుడు గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చినవారే కదా? అప్పుడు మిమ్మల్ని ఎవరైనా రావద్దన్నారా?"

ఆ ఏడాది ఆ ప్రశ్న ఎంత బరువో ఈ ఊళ్ళో తెలియనివాడు లేడు. మాస్టారు కాగితం మీదనుంచి తల ఎత్తారు. కళ్ళజోడు తీశారు. జవాబు వెతుక్కుంటున్న మనిషి ముఖం చూపిస్తూనే ప్రకటనలు వేశారు. సబ్బు, నూనె, ఫ్లాట్లు.

ఇవతల కాంతమణి గారు పిండికట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని, టీవీవైపు కాకుండా గోడవైపు చూస్తున్నారు.

ప్రకటనల తర్వాత వ్యాపారం ఆయన అందుకున్నాడు. "అసలు నాకర్థం కానిది, కంటోన్మెంటులో ఇంత అందమైన స్పాట్‌లో బర్రెలేంటండీ? వచ్చిన గెస్టులు ఆ వాసన భరించాలా?" కోటు ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. మాకు అక్కడే తెలిసిపోవలసింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలూ బర్రెల గురించే. జనం ఫోనులో జవాబు పంపాలట: 'పర్యాటక ప్రాంతంలో పశువులు ఉండవచ్చా?' అవును, కాదు. నూటికి ఎనభై ఒక్కమంది కాదన్నారు. బస్సు గల్లీలోకి రావచ్చా అని ఒక్కరినీ అడగలేదు. నలభై నిమిషాల్లో బస్సు అన్న మాట రెండుసార్లు వినపడింది. రెండుసార్లూ మాస్టారి నోటినుంచే.

బ్రహ్మచారి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "మనం బస్సు అన్నం, ఆల్లు బర్లంటున్రు. గిదేం లెక్కనే సదాశివన్నా?"

ఇప్పటికీ ఒళ్ళు మండేది దానికే. అబద్ధం చెప్పి ఉంటే, అది అబద్ధమని అరిచేవాణ్ణి. అన్నీ నిజాలే చూపించారు. దేవమ్మ చెయ్యి నిజం, నీళ్ళు నిజం, నా మాట నిజం, మాస్టారిది గుంటూరు కావడం నిజం, బర్రెలు నిజం. ఏది ఎక్కడ కోయాలో తెలిసినవాడికి అబద్ధంతో పనిలేదు.

కార్ఖానాలో పద్నాలుగేళ్ళుగా పాలు పోసే ఇంటావిడ గిన్నె పట్టుకుని, "టీవీలో చూశాం. మీరు అలాంటి మనుషులనుకోలేదు సదాశివా" అంది. ఎలాంటి మనుషులమని అడగలేదు. పాలు పోసి వచ్చేశాను.

ఆ వారంలోనే లీలాకుమారి వచ్చింది. కెమెరా లేదు, ఒక్కతే. "అన్నా, మీరు చెప్పిందంతా పంపించాను. డెస్కులో కట్ చేశారు. నేనే కట్ చేశాననుకుంటారని..."

దేవమ్మ స్టూలు వేసింది. "నీ మీద కోపం లేదు బిడ్డా. ఛాయ్ తాగిపో." గ్లాసు చేతికిస్తూ అంది, "గీ మాట సుత సగం గోసి సూపెట్టకు. ఛాయ్ తాగి పో అన్నదాంట్ల, ఉత్త పో ఒక్కటే ఇనపడుతది."

ఆ పిల్ల నవ్వబోయి, నవ్వలేక, తల వంచుకుని తాగింది.

కంటోన్మెంటువాళ్ళు ఏప్రిల్ మొదటివారంలో మా గోడకు నోటీసు అతికించారు. పశువులవల్ల పర్యాటకులకు, ప్రజారోగ్యానికి ఇబ్బంది కలుగుతున్నందున పదిహేను రోజుల్లో తరలించాలి. నేను ఆఫీసుకు వెళ్ళాను. బల్ల వెనకాయన నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"టీవీలో వచ్చింది నువ్వే కదా? మేం మాత్రం ఏం చేస్తాం చెప్పు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు."

"బస్సుల దరఖాస్తు ఇచ్చినం సార్. నెల కావస్తుంది."

"అది వేరే సెక్షన్."

వేరే సెక్షన్‌లో ఆ మనిషి సెలవులో ఉన్నాడు.

గడువు దగ్గరపడేసరికి చెట్లకు పూలు అయిపోయాయి. పచ్చటి ఆకు తొడిగింది. ఆకు చూడటానికి ఎవరొస్తారు? బస్సులు వాటంతట అవే ఆగిపోయాయి. కెమెరాలు లేవు. బ్రహ్మచారి కూల్‌డ్రింకుల డబ్బా ఎత్తేసి మళ్ళీ రంపం పట్టాడు. టీవీలో వేరే ఊరు, వేరే చర్చ. నేను మళ్ళీ ఆఫీసుకు వెళ్ళి, ఇప్పుడు ఎవరూ రావటంలేదు సార్ అన్నాను.

"వచ్చే ఏడు వస్తారు కదయ్యా" అన్నాడాయన.

గల్లీ ఖాళీగా ఉంది, వచ్చేవాడు లేడు, ఎవరికి ఇబ్బందో ఎవరికీ తెలియదు. నోటీసు మాత్రం గోడమీదే ఉంది.

శామీర్‌పేట దగ్గర బర్రెలు పెంచే ఒకాయన తీసుకుంటానన్నాడు. మంగళవారం పొద్దున పది గంటలకు డీసీఎం వ్యాను తెచ్చాడు. గల్లీలోకి సులభంగానే వచ్చింది. రెండు బర్రెలు పలక మీదుగా ఎక్కాయి. పెద్దది ఎక్కలేదు. అతను తాడు గుంజాడు, నేను వెనకనుంచి నెట్టాను. కాళ్ళు బిగపట్టింది.

"గుంజకున్రి" అంది దేవమ్మ. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తనే పలక మీదుగా వ్యాను ఎక్కి లోపల నిలబడింది. పిలవలేదు. పెద్దబర్రె ఆమెను చూసి, ఒక్కో కాలూ వేసుకుంటూ ఎక్కి వెళ్ళి, ఆమె పక్కన నిలబడింది. దేవమ్మ దాని నడుం మీద చెయ్యి వేసి కాసేపు ఉంది. తర్వాత పక్కనుంచి తప్పుకుని దిగింది. అతను తలుపు వేశాడు.

వ్యాను పోయాక ఆమె కొట్టం గడప మీద కూర్చుంది. నేను గోడకు ఆనుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పన్నెండైంది, ఒంటిగంట అయింది.

వాకిట్లో కర్ర చప్పుడైంది. కాంతమణి గారు, కట్టు విప్పి నాలుగురోజులైనా కాలేదు, గోడ పట్టుకుని నడిచి వస్తున్నారు. వెనక మాస్టారు, ఒక చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు, ఇంకో చేతిలో నీళ్ళ చెంబు. చావు జరిగిన ఇంటికి తెచ్చినట్టు తెచ్చారు. ఆమె గోడవారగా స్టూలు మీద కూర్చుని గిన్నెలు విప్పారు. మాస్టారు చాప పరిచి, పళ్ళేలు మా ఇంట్లోంచి తనే వెతికి తెచ్చారు. దేవమ్మను చెయ్యి పట్టి లేపి నేను చాప మీద కూర్చోబెట్టాను.

అన్నం, దోసకాయ పప్పు, వేయించిన వడియాలు. కాంతమణి గారు వంగి వంగి వడ్డించారు. దేవమ్మ మొదటి ముద్ద కలిపి చాలాసేపు పళ్ళెంలోనే ఉంచింది. తర్వాత తింది. మాస్టారు తల ఎత్తలేదు. రెండోసారి అన్నం పెడుతుంటే ఎవరమూ చాలనలేదు, కావాలనీ అనలేదు. పెట్టినంత తిన్నాం.